రాత్రిపూట చిన్న విమానం నడపడం: కంటికి తోచినదాన్ని అంకెతో సరిచూసుకోండి

పగటిపూట చిన్న విమానం నడిపే పైలట్ సగం పని తనకు తెలియకుండానే కళ్లతో చేస్తాడు. ముక్కు క్షితిజానికి ఎంత పైన ఉందో, రన్‌వే ఎంత వాలుగా కనిపిస్తోందో, నేల ఎంత వేగంగా వెనక్కి జరుగుతోందో చూసి చేతులు వాటంతట అవే సర్దుకుంటాయి. చీకటి పడితే ఈ ఆనవాళ్లలో చాలావరకు పోతాయి. పోయినవాటితో పెద్ద చిక్కు లేదు. మిగిలి ఉండి అబద్ధం చెప్పేవే ప్రాణం తీస్తాయి. అందుకే రాత్రి నడపడంలో నేర్చుకోవాల్సింది ముఖ్యంగా ఒకటే: పగలు కన్ను వేసే ప్రతి అంచనాకూ రాత్రి ఒక అంకె పెట్టుకోవాలి.

కింద రాసినదంతా ఒకే పిస్టన్ ఇంజిన్ ఉన్న రెండు, నాలుగు సీట్ల విమానాల గురించి. రాత్రి శిక్షణ పొందిన పైలట్లకు, పొందుతున్నవాళ్లకు ఇది పనికొస్తుంది. ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని నేర్చుకోవాల్సినదానికి ఇది బదులు కాదు. మీ దేశపు నియమాలు, మీ విమానపు హ్యాండ్‌బుక్ వేరే మాట చెబితే వాటినే పాటించండి.

బయల్దేరే ముందు

వాతావరణ నివేదికతో పాటు చంద్రుణ్ణీ చూసుకోండి. అమావాస్య దగ్గర్లో, ఊళ్లు లేని అడవి మీదుగానో నీటి మీదుగానో వెళ్లే దారిలో క్షితిజం కనిపించదు. ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా దాన్ని పరికరాల మీద ఎగరడంగానే లెక్కవేయాలి. పౌర్ణమి తర్వాత చంద్రోదయం రోజుకు సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పౌర్ణమి వెళ్లి నాలుగు రోజులే అయింది కదా అని బయల్దేరితే సూర్యాస్తమయం తర్వాత మూడు గంటల పైచిలుకు చీకట్లోనే ఉంటారు.

నివేదికలో ముందుగా చూడాల్సింది ఉష్ణోగ్రతకు, మంచు బిందు ఉష్ణోగ్రతకు (గాలిలోని తేమ బొట్లుగా మారే ఉష్ణోగ్రతకు) మధ్య తేడా. అది 3 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గి, గంటగంటకూ ఇంకా తగ్గుతూ ఉంటే పొగమంచు వస్తుందనే అనుకోవాలి. గాలి లేని నిర్మలమైన రాత్రి, అంటే ఎగరడానికి అన్నిటికన్నా హాయిగా అనిపించే రాత్రే, నేల త్వరగా చల్లబడి పొగమంచు పుట్టడానికీ అనువైనది. ఒక్క నివేదిక చూసి నిర్ణయించకండి. వరుసగా మూడు నాలుగు గంటల నివేదికలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే తేడా ఎటు నడుస్తోందో తెలుస్తుంది.

ఇంధనం: అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ప్రమాణాల ప్రకారం రాత్రి వీఎఫ్‌ఆర్ (బయటికి కళ్లతో చూస్తూ నడిపే నియమాల) ప్రయాణానికి చివర్లో 45 నిమిషాల నిల్వ మిగలాలి. అది కనీసం మాత్రమే. రాత్రి తెరిచి ఉండే, దీపాలు వెలిగే ఎయిర్‌ఫీల్డులు తక్కువ కాబట్టి ఒక గంట నిల్వ పెట్టుకోవడం మంచిది. గంటకు 35 లీటర్లు తాగే ఇంజిన్‌కి అది 35 లీటర్లు. దాన్ని ముట్టుకోనే కూడదు. గమ్యం దగ్గరా, ప్రత్యామ్నాయ ఫీల్డు దగ్గరా రన్‌వే దీపాలు ఆ రాత్రి పనిచేస్తున్నాయో లేదో నోటామ్‌లలో (పైలట్లకు ఇచ్చే ప్రకటనల్లో) చూడండి. ఎవరు వెలిగిస్తారో కూడా కనుక్కోండి. కొన్నిచోట్ల పైలటే రేడియో మైకు బటన్ నొక్కి వెలిగించుకోవాలి. అమెరికాలో అయితే సాధారణంగా 5 సెకన్లలో 7 నొక్కులు గరిష్ఠ వెలుగుకి, 5 మధ్యస్థానికి, 3 కనిష్ఠానికి. అక్కడ దీపాలు 15 నిమిషాలు వెలుగుతాయి. ఫైనల్‌లో (రన్‌వేకి సూటిగా దిగే చివరి దారిలో) ఉండగా ఆ గడువు ముగిస్తే రన్‌వే ఉన్నట్టుండి మాయమవుతుంది. ముందే వెలిగి ఉన్నా సరే, సర్క్యూట్‌లోకి (దిగే ముందు ఫీల్డు చుట్టూ తిరిగే దారిలోకి) వస్తూ మళ్లీ 7 సార్లు నొక్కితే గడువు కొత్తగా మొదలవుతుంది.

ఎత్తును దారి గీసేటప్పుడే తేల్చుకోండి. దారికి రెండు వైపులా 5 నాటికల్ మైళ్ల లోపు ఉన్న అన్నిటికన్నా ఎత్తైన అడ్డంకి చూసి, దానికి 1,000 అడుగులు కలపండి. కొండ ప్రాంతమైతే 2,000 కలపండి. ప్రతి లెగ్‌కీ (దారిలోని ఒక్కో ముక్కకీ) ఆ అంకెను పెద్ద అక్షరాలతో రాసుకోండి. దీపం లేని కొండ రాత్రి కనిపించదు. దాని వెనక ఉన్న ఊరి దీపాలు కనిపించకపోవడమే దాని ఆనవాలు.

నిద్ర సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. తెల్లవారుజామున 2 నుంచి 6 గంటల మధ్య శరీరం బాగా మందగిస్తుంది. పగలంతా పనిచేసి ఆ వేళకు ల్యాండింగ్ పెట్టుకోవడం తప్పుడు ప్రణాళిక. ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే అమెరికా నియమం ప్రకారం గడిచిన 90 రోజుల్లో రాత్రి 3 టేకాఫ్‌లు, పూర్తిగా ఆగే 3 ల్యాండింగ్‌లు చేసి ఉండాలి. ఆ నియమం మీకు వర్తించినా వర్తించకపోయినా, అంతకన్నా ఎక్కువ విరామం వస్తే ముందు ఒక ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్లి రండి.

కళ్లు

మసక వెలుతురులో చూసే దండాలు (ఒక రకం కణాలు) కంటి రెటీనా మధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. అందుకే చీకట్లో దేన్నైనా సూటిగా చూస్తే అది మాయమవుతుంది. 5 నుంచి 10 డిగ్రీలు పక్కకు చూస్తే కనిపిస్తుంది. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి 30 నిమిషాలు పడుతుంది. అది పోవడానికి ఒక్క ఫోన్ తెర చాలు. కాక్‌పిట్ దీపాలను చదవడానికి సరిపడేంత వరకే తగ్గించండి. టాబ్లెట్‌ను నైట్ మోడ్‌లో పెట్టండి. ఎర్ర దీపం అలవాటును కాపాడుతుంది కానీ ఆ వెలుగులో చార్టు మీద ఎర్ర, మెజెంటా గీతలు కనిపించవు. చార్టు చదవడానికి మసక తెల్ల దీపమే మేలు. దూరంలో మెరుపులుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది: కాక్‌పిట్ దీపాలు బాగా పెంచుకోవాలి, లేకపోతే ఒక్క మెరుపుకే పరికరాలు కనిపించకుండా పోతాయి.

ప్రాణవాయువు తగ్గితే అన్నిటికన్నా ముందు దెబ్బతినేది రాత్రి చూపే. క్యాబిన్ ఎత్తు 5,000 అడుగులు దాటినప్పటి నుంచే ఆ తేడా మొదలవుతుంది. పొగ తాగేవాళ్లకు ఇంకా కిందనే. ఆక్సిజన్ సదుపాయం ఉంటే 5,000 పైన వాడండి. లేకపోతే క్షేమకరమైన ఎత్తుకు మించి ఊరికే పైకి పోకండి.

చుట్టూ చీకటి ఉన్నప్పుడు ఒంటరి దీపాన్ని పది సెకన్లు తేరిపార చూస్తే అది కదులుతున్నట్టు అనిపిస్తుంది. నక్షత్రాన్ని విమానమనుకుని తప్పుకోబోయినవాళ్లు ఉన్నారు. చూపును ఒకచోట నిలపకుండా తిప్పుతూ ఉంటే ఈ భ్రమ కలగదు. నిజంగా విమానమే అయితే దాని రెక్కల దీపాలు దిశ చెబుతాయి: ఎడమ రెక్కకు ఎరుపు, కుడి రెక్కకు ఆకుపచ్చ, తోకకు తెలుపు. ఎరుపు మీ కుడివైపున, ఆకుపచ్చ మీ ఎడమవైపున ఒకేసారి కనిపిస్తే అది సూటిగా మీ మీదికే వస్తోంది.

విమానం చుట్టూ తిరిగి చూసేటప్పుడు

వీలైతే ఈ తనిఖీ వెలుతురు ఉండగానే ముగించండి. చీకట్లో చేయాల్సి వస్తే ప్రకాశవంతమైన తెల్ల టార్చి వాడండి. ఎర్ర వెలుగులో నూనె కారిన మరక, చిన్న పగులు కంటికి ఆనవు. ఇంధనం నమూనాను గాజులోకి తీసి తెల్లటి వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి. 100ఎల్ఎల్ (చిన్న విమానాల పెట్రోలు) అయితే లేత నీలంగా ఉండాలి, అడుగున నీటి బొట్టు ఉండకూడదు. పిటాట్ (గాలి వేగం కొలిచే గొట్టం) కవర్, టో బార్ (విమానాన్ని లాగే కడ్డీ), చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మలు రాత్రిపూటే ఎక్కువగా మరిచిపోతారు. వాటిని చేత్తో తాకి లెక్కపెట్టుకోండి. విండ్‌స్క్రీన్‌ను లోపలా బయటా తుడవండి. పగలు కనిపించని జిడ్డు మరక రాత్రి ప్రతి దీపాన్నీ చీలుస్తుంది.

ప్రతి దీపాన్నీ వెలిగించి చూడండి: రెక్కలవి, తోకది, బీకన్, స్ట్రోబ్‌లు (తళుక్కుమని మెరిసే దీపాలు), ల్యాండింగ్, ట్యాక్సీ దీపాలు, ప్యానెల్ దీపాలు. రెండు టార్చీలు ఉండాలి. ఒకటి తలకు కట్టుకునేదైతే చేతులు ఖాళీగా ఉంటాయి. రెండోది జేబులో ఉండాలి, వెనక సీటు మీది సంచిలో కాదు. పూర్తి చార్జి ఉన్న చేతి రేడియో ఒకటి ఉంటే ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే యంత్రం) పోయిన రాత్రి దాని విలువ తెలుస్తుంది.

ఇంజిన్ స్టార్ట్ చేశాక, ల్యాండింగ్ లైటూ పిటాట్ హీటూ ఒకేసారి వేసి, ఆర్‌పీఎమ్ కాస్త పెంచి అమ్మీటర్ చూడండి. భారం పడినా సూది చార్జింగ్ వైపే ఉండాలి. ఇక్కడ తడబడే ఆల్టర్నేటర్ పైన కుదుటపడదు, వెనక్కి వెళ్లిపోండి.

నేల మీద

ట్యాక్సీవే (రన్‌వేకి చేర్చే దారి) అంచు దీపాలు నీలం, రన్‌వే అంచువి తెలుపు, మొదలు ఆకుపచ్చ, చివర ఎరుపు. రాత్రి ట్యాక్సీ చేసేటప్పుడు నిజమైన వేగం కన్నా తక్కువ అనిపిస్తుంది కాబట్టి నడక వేగానికి దగ్గరగా ఉంచండి. ఇతర విమానాలు ఎదురుగా ఉంటే స్ట్రోబ్‌లు వేయకండి.

లైనప్ అయ్యాక (రన్‌వే మీద నిలిచాక) ఆగి మూడు విషయాలు చూడండి. హెడింగ్ (ముక్కు చూపే దిక్కు) రన్‌వే నంబరుతో కలుస్తోందా? తెల్ల దీపాల వరుస రెండు పక్కలా సమాన దూరంలో ఉందా? ముక్కు కింద మధ్యగీత పెయింటు ఉందా? అంచు దీపాల వరుసనే మధ్యగీత అనుకుని దాని మీద టేకాఫ్ మొదలుపెట్టడం కొత్తవాళ్లే చేసే పొరపాటు కాదు. వెడల్పైన రన్‌వే మీద, మధ్యగీత దీపాలు లేనిచోట అది ఎవరికైనా జరగొచ్చు.

టేకాఫ్ తర్వాతి మొదటి నిమిషం

రన్‌వే చివరి దీపాలు ముక్కు కిందికి జారగానే ముందు ఏమీ ఉండదు. సరిగ్గా అప్పుడే లోపలి చెవి మోసం చేస్తుంది. ముందుకు వేగం పెరగడానికీ, తల వెనక్కి వాలడానికీ తేడా దానికి తెలియదు. వేగం పెరుగుతుంటే ముక్కు మరీ లేచిపోయినట్టు తోస్తుంది, చెయ్యి దాన్ని కిందికి నొక్కుతుంది, విమానం చీకట్లోనే నేలవైపు వాలుతుంది.

దీనికి విరుగుడు: చక్రాలు లేవగానే చూపు ఆటిట్యూడ్ ఇండికేటర్ (ముక్కు, రెక్కల వాలు చూపే పరికరం) మీదికి రావాలి. మీ విమానపు క్లైంబ్ పిచ్ (ఎక్కేటప్పుడు ముక్కు ఎత్తే కోణం) ఎంతో పగలే కొలిచి గుర్తుపెట్టుకోండి. చాలా శిక్షణ విమానాలకు అది 7 నుంచి 10 డిగ్రీల మధ్య ఉంటుంది. పిచ్ ఆ అంకె దగ్గర, రెక్కలు సమంగా, ఆల్టిమీటర్ పెరుగుతూ, వెర్టికల్ స్పీడ్ పైకి: ఈ నాలుగూ ఒకదానితో ఒకటి ఒప్పుకుంటేనే ఎక్కుతున్నట్టు. కనీసం 500 అడుగుల వరకు మలుపు వద్దు, తల వంచి స్విచ్‌లు వెతకడమూ వద్దు. కొండలున్న చోట ఫీల్డు మీదే చుట్లు తిరుగుతూ క్షేమకరమైన ఎత్తు అందుకుని ఆ తర్వాతే దారి పట్టండి.

గో ఎరౌండ్‌లోనూ (దిగడం మానుకుని మళ్లీ ఎక్కడంలోనూ) ఇదే భ్రమ, ఇంకా గట్టిగా ఉంటుంది. ఎందుకంటే అక్కడ పూర్తి పవర్ ఒక్కసారిగా వస్తుంది, ట్రిమ్ (ముక్కును ఒక కోణంలో నిలిపే సర్దుబాటు) ల్యాండింగ్‌కి పెట్టి ఉంటుంది.

దారిలో

రాత్రి మబ్బు కనిపించదు. దాని గుర్తులు వేరు: కింద దీపాల చుట్టూ వలయాలు, ఒక మూల నక్షత్రాలు లేకపోవడం, రెక్కల దీపాల చుట్టూ ఎర్రగానో పచ్చగానో వెలుగు అల్లుకోవడం. ముందున్న దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నట్టు కనిపిస్తే మధ్యలో మబ్బో కొండో వచ్చిందని అర్థం. మబ్బులోకి జారితే స్ట్రోబ్‌లు ఆపేయండి. ఆటిట్యూడ్ ఇండికేటర్ మీద చూపు నిలిపి, సెకనుకు 3 డిగ్రీల మలుపుతో వెనక్కి తిరగండి. 100 నాట్స్ దగ్గర ఆ మలుపుకు 15 డిగ్రీల బ్యాంక్ (రెక్కల వాలు) చాలు. ఒక్క నిమిషంలో వచ్చిన దారికి ఎదురుగా ఉంటారు.

1999 జూలై 16 రాత్రి అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ నడుపుతున్న పైపర్ సారటోగా విమానం అమెరికా తూర్పు తీరంలోని మార్తాస్ వైన్‌యార్డ్ దీవి దగ్గర సముద్రంలో కూలి, ఆయనతో పాటు ఆయన భార్య, ఆమె సోదరి చనిపోయారు. రాత్రి నీటి మీదుగా దిగుతుండగా దిశాభ్రమ వల్ల పైలట్ అదుపు కోల్పోయాడని అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు తేల్చింది. మసక, చీకటి రాత్రి అందుకు తోడయ్యాయంది. విమానం వీఎఫ్‌ఆర్ కిందే వెళ్తోంది. నియమాల లెక్కలో చూపు ఉండడం వేరు, క్షితిజం కనిపించడం వేరు.

వేగం పెరుగుతూ, ఎత్తు తగ్గుతూ, గాలి హోరు ఎక్కువవుతుంటే విమానం స్పైరల్‌లో (చుట్లు తిరుగుతూ కిందికి దూసుకుపోవడంలో) ఉంది. వరుస తప్పకూడదు: థ్రాటిల్ తగ్గించు, రెక్కలు సమం చెయ్యి, ఆ తర్వాతే ముక్కు నెమ్మదిగా ఎత్తు. రెక్కలు వాలి ఉండగానే వెనక్కి లాగితే స్పైరల్ ఇంకా బిగుస్తుంది, రెక్కల మీద భారం పెరుగుతుంది. వ్యాక్యూమ్ పంపుతో తిరిగే ఆటిట్యూడ్ ఇండికేటర్ అయితే పంపు పోయినప్పుడు టక్కున ఆగదు, నెమ్మదిగా వాలుతుంది. మీరూ దానితో పాటే వాలతారు. కరెంటుతో నడిచే టర్న్ కోఆర్డినేటర్‌తో (మలుపు చూపే పరికరంతో) తరచూ పోల్చుకోండి. తేడా వస్తే చెడినదాని మీద కాగితం అంటించండి. కంటికి కనిపిస్తున్నంతసేపూ అది మిమ్మల్ని లాగుతూనే ఉంటుంది.

అప్రోచ్: చీకటి గొయ్యి

చుట్టూ ఒక్క దీపం లేని నేల లేదా నీరు, దాని చివర వెలుగుతున్న రన్‌వే. పైలట్లు బ్లాక్ హోల్ అనేది దీన్నే. మధ్యలో ఆనవాలు లేకపోతే కన్ను రన్‌వే ఆకారాన్నే పట్టుకుని, అది కంటిలో చేసే కోణాన్ని ఒకేలా ఉంచబోతుంది. అలా దిగితే దారి సరళరేఖ కాదు, కిందికి సాగిన వంపు. అది సరైన వాలు కన్నా కిందనే ఉండి, రన్‌వే చేరకముందే నేల దగ్గరికి వస్తుంది. బోయింగ్‌లో కాన్రాడ్ క్రాఫ్ట్ 1960లలో సిమ్యులేటర్ మీద చేసిన ప్రయోగాల్లో అనుభవజ్ఞులైన పైలట్లే ఇలా కిందికి దిగిపోయారు. రన్‌వే సన్నగా ఉన్నా, అవతలి చివర ఎత్తుగా ఉన్నా, దీపాలు మరీ ప్రకాశంగా ఉన్నా భ్రమ ఇంకా ఎక్కువ.

దూరం నుంచి నేరుగా ఫైనల్‌కి రాకండి. ఫీల్డు మీదికి వచ్చి మామూలు సర్క్యూట్ తిరిగి దిగండి. చీకటి గొయ్యి మీద గడిపే సమయం నిమిషంలోపుకి వస్తుంది. పాపీ దీపాలుంటే (రన్‌వే పక్కన ఉండి, దిగే వాలు సరిగ్గా ఉందో లేదో చూపేవి) నాలుగింటిలో రెండు తెలుపు, రెండు ఎరుపు ఉండాలి. మూడు ఎరుపైతే అప్పుడే సర్దుకోండి. నాలుగూ ఎరుపైతే తక్కువ ఎత్తులో ఉన్నారు, దిగడం ఆపండి. పాపీ రాత్రి చాలా దూరం నుంచే కనిపిస్తుంది కానీ అడ్డంకుల నుంచి అది ఇచ్చే రక్షణ చివరి కొద్ది మైళ్లకే, అదీ రన్‌వే మధ్యగీతకు దగ్గర్లోనే. కాబట్టి దూరం నుంచే దాన్ని పట్టుకుని దిగకూడదు.

పాపీ లేకపోతే లెక్క మీరే వేయాలి. 3 డిగ్రీల వాలుకు నాటికల్ మైలుకు సుమారు 300 అడుగులు: రన్‌వే కన్నా 3 మైళ్ల దగ్గర 900, 2 దగ్గర 600, 1 దగ్గర 300 అడుగుల పైన ఉండాలి. నేల మీది వేగాన్ని 5తో గుణిస్తే దిగాల్సిన వేగం వస్తుంది: 70 నాట్స్‌కి నిమిషానికి 350 అడుగులు. జీపీఎస్ చూపే దూరం చాలాసార్లు ఫీల్డు మధ్య బిందువుకు కొలిచినది, రన్‌వే మొదటికి కాదు. పొడవైన రన్‌వేకి ఇదే అర మైలు తేడా తెస్తుంది. రన్‌వే దగ్గరి దీపాలు కొన్ని కనిపించకుండా పోతే మధ్యలో చెట్లో గుట్టో ఉంది. కారణం ఆలోచించకండి, పవర్ వేసి ఎక్కండి.

500 అడుగుల దగ్గర వేగం, వాలు, మధ్యగీత మూడూ కుదరకపోతే గో ఎరౌండ్.

ఫ్లేర్‌లో (నేల తాకే ముందు ముక్కు ఎత్తే క్షణంలో) చూపు ఎక్కడ ఉందన్నదే ముఖ్యం. ల్యాండింగ్ లైటు పడిన చోటునే చూస్తే పై ఎత్తులో ఫ్లేర్ చేసి దబ్బున కూర్చుంటారు. ఆ వెలుగుకి అవతల, రన్‌వే చివరివైపు చూస్తూ, రెండు పక్కల దీపాలు పైకి లేచి వెడల్పవుతున్నట్టు కనిపించాక, నేల మీద టైర్ల గుర్తులు తెలిశాక ముక్కు ఎత్తండి. పవర్ కాస్త ఉంచి తాకించి, ఆ తర్వాత పూర్తిగా తీయండి. ల్యాండింగ్ లైటు లేకుండా దిగడం ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి సాధన చేయాల్సిందే. బల్బు కాలిపోయిన రోజు అది ఇంకో మామూలు ల్యాండింగ్‌లా ఉండాలి.

ఆల్టర్నేటర్ పోతే

28 వోల్టుల వ్యవస్థలో మీటరు 24, 25కి పడి ఇంకా జారుతుంటే నడుస్తున్నది బ్యాటరీ మీదే. పాత 14 వోల్టుల వ్యవస్థలో అది 12 దగ్గరికి వస్తుంది. మ్యాగ్నెటోలున్న (బ్యాటరీ లేకుండానే నిప్పురవ్వ ఇచ్చేవి ఉన్న) ఇంజిన్ ఆగదు, కంగారు అక్కర్లేదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నవి, డీజిల్ ఇంజిన్లు అలా కావు. వాటి హ్యాండ్‌బుక్ ముందే చదివి ఉండాలి.

1. మాస్టర్ స్విచ్‌లో ఆల్టర్నేటర్ సగాన్ని ఆపి మళ్లీ వేయండి, బ్రేకర్ చూడండి. ఒక్కసారే. రాకపోతే ఆ సగాన్ని ఆపి ఉంచండి.
2. ల్యాండింగ్ లైటు, అవసరం లేకపోతే పిటాట్ హీట్, రెండో రేడియో, చార్జర్లు ఆపండి. రెక్కల దీపాలు, ఒక రేడియో, ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కు విమానాన్ని తెలిపే పరికరం) ఉంచండి.
3. వెంటనే విషయం చెప్పి దగ్గరి దీపాలున్న ఫీల్డుకు తిరగండి. మాట్లాడితే బ్యాటరీ ఎక్కువ ఖర్చవుతుంది, వింటే తక్కువ, కాబట్టి క్లుప్తంగా. చేతిలో ఉన్నది 30 నిమిషాలే అనుకుని నడవండి. పాత బ్యాటరీ అంత కూడా ఇవ్వదు.
4. ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) కరెంటుతో నడిచేవైతే పూర్తిగా దించకండి. దించాక బ్యాటరీ పోతే, గో ఎరౌండ్‌లో వాటిని ఎత్తలేరు. ఫ్లాప్స్ లేని ల్యాండింగ్‌కి సరిపడే పొడవైన రన్‌వే ఎంచుకోండి.

రేడియో కూడా పోతే టవర్ దీపం చూడండి. గాల్లో ఉన్నవారికి నిలకడ ఆకుపచ్చ అంటే దిగవచ్చు. నిలకడ ఎరుపు అంటే వేరేవారికి దారి ఇచ్చి తిరుగుతూ ఉండాలి. మెరిసే ఆకుపచ్చ అంటే ల్యాండింగ్‌కి తిరిగి రావాలి. మెరిసే ఎరుపు అంటే ఫీల్డు క్షేమం కాదు, దిగవద్దు. చూశామని చెప్పడానికి ల్యాండింగ్ లైటు రెండుసార్లు వెలిగించి ఆర్పాలి.

ఇంజిన్ ఆగితే

మొదట ఉత్తమ గ్లైడ్ వేగం. సెస్నా 172ఎస్‌కి 68 నాట్స్. ఆ తరహా విమానం గాలి లేనప్పుడు 1,000 అడుగులకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారుతుంది. ఫీల్డు అందితే అటే. లేకపోతే గాలికి ఎదురుగా తిరిగే వీలు చూసుకుంటూ కార్బ్యురేటర్ హీట్, ఇంకో ట్యాంక్, పంపు, రిచ్ మిక్స్చర్, మ్యాగ్నెటోలు ప్రయత్నించండి. ఆ తర్వాత ఆపద ఫ్రీక్వెన్సీ 121.5 మీద, లేదా అప్పటికే మాట్లాడుతున్న ఫ్రీక్వెన్సీ మీద మేడే (ఆపద పిలుపు), ట్రాన్స్‌పాండర్ మీద ఆపద సంకేతం 7700.

ఎక్కడ దిగాలన్నదానికి రాత్రి మంచి జవాబు లేదు, తక్కువ చెడ్డది ఉంది. దీపాలున్న రోడ్డు మీద వాహనాలుంటాయి, పక్కన తీగలుంటాయి. ఊరి నడిబొడ్డున చీకటి మచ్చ చెరువో చెట్ల గుంపో కావచ్చు. పగలు ఆ దారి చూసి ఉంటే బహిరంగ నేల ఎటువైపు ఉందో తెలుస్తుంది. అటు, సహాయం అందేలా రోడ్డుకు దగ్గరలో, కానీ రోడ్డు మీద కాకుండా దిగాలి. కిందికి వచ్చాక ల్యాండింగ్ లైటు వేయండి. తలుపుల గడియలు తీసి ఉంచండి, భుజం పట్టీలు బిగించండి. ఇంధనం, మ్యాగ్నెటోలు ఆపేసి, ఫ్లాప్స్ దించాక మాస్టర్ కూడా ఆపండి.

నేలను ఎంత తక్కువ వేగంతో తాకితే అంత మేలు, కానీ స్టాల్ కాకూడదు (రెక్కలు ఎత్తే శక్తి కోల్పోకూడదు). దెబ్బలోని శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది: 70 నాట్స్ దగ్గర తాకితే 50తో పోలిస్తే దాదాపు రెట్టింపు. నేల కనిపించకపోతే రెక్కలు సమంగా, తక్కువ వేగంతో, విమానం అదుపులో ఉండగానే తాకనివ్వండి. ఆగాక బయటపడి దూరంగా నిలబడండి. ఇంధనం కారడం లేదని తేలాక 406 మెగాహెర్ట్జ్ ఈఎల్‌టీ (విమానం ఉన్న చోటు తెలిపే అత్యవసర ట్రాన్స్‌మిటర్) మోగుతోందో లేదో చూసి, మోగకపోతే చేత్తో ఆన్ చేయండి. వెతికేవాళ్లకు మనిషి కన్నా విమానమే త్వరగా కనిపిస్తుంది కాబట్టి దాని దగ్గర్లోనే ఉండండి, జేబులోని టార్చి అప్పుడు వెలిగించండి.